కొసలు రాలిపోయిన క్రోమోజోమ్

మా బాక్టీరియా క్రోమోజోమ్ పొడవు డెబ్బై లక్షల డీఎన్‌ఏ అక్షరాలే అని కంప్యూటర్ చూపించిన రోజు నేను మూడుసార్లు కుర్చీలోంచి లేచి మంచినీళ్ల దగ్గరికి వెళ్లాను. మూడుసార్లూ తాగకుండానే తిరిగివచ్చాను. అది ఎనభై నాలుగు లక్షలు ఉండాలి. ఏడాది కిందట ఇదే బాక్టీరియాను ఇదే పద్ధతిలో సీక్వెన్సింగ్ చేసి చదివింది నేనే. ఆ అంకె నాకు మా ఇంటి పిన్‌కోడ్‌లా గుర్తు. ఇప్పుడు అందులో పద్నాలుగు లక్షల అక్షరాలు లేవు.

కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. హైటెక్ సిటీలో అద్దాల మేడల వెనక ఒక పాత భవనం, నాలుగో అంతస్తులో సగం. మాకు ముందు అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేదట. కార్పెట్ పీకేసి, సింకులు కట్టి ల్యాబ్ చేశారు. నేల మీద కేబుల్ పెట్టెలు అలాగే మిగిలిపోయాయి, వాటి మూతల మీదే మా ఇంక్యుబేటర్లు నిలబడ్డాయి. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, ఉద్యోగం దొరక్క టెస్టింగ్ కోర్సు చేసి, ఎనిమిదేళ్లు ఇదే దారిలో సాఫ్ట్‌వేర్ కంపెనీల చుట్టూ తిరిగినదాన్ని. కంప్యూటరూ సూక్ష్మజీవులూ రెండూ తెలిసిన మనిషి కావాలని ఈ చిన్న కంపెనీ వాళ్లు అడిగితే, జీతం తగ్గినా సరే అని వచ్చేశాను.

మొత్తం పదిమందిమి. కంపెనీ పెట్టిన సార్‌ది గుంటూరు వైపు. మిరప నారుకు పట్టే వేరుకుళ్లు తెగులును చిన్నప్పటి నుంచీ చూసినవాడు. ఆ తెగులు బూజును తన మందుతో ఆపేసే ఒక మట్టి బాక్టీరియా ఆయనకు ఖాజాగూడ బండల మధ్య దొరికింది. ఆదివారం పూట బండలెక్కడానికి వెళ్లి, ఒక పగులులోంచి గుప్పెడు మట్టి కవర్లో వేసుకొచ్చాడు. ఆ గుప్పెట్లోంచి దగ్గరి చుట్టాలనదగ్గవి మూడు రకాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి మాత్రమే తెగులును ఆపింది. దాన్ని పెంచి, పొడి చేసి, నారుమళ్లకు అందించాలన్నదే మా పని అంతా.

చేరిన కొత్తలో ఆ మూడింటి క్రోమోజోములనూ చదివాను. మామూలుగా బాక్టీరియా క్రోమోజోమ్ గాజులా గుండ్రంగా ఉంటుంది. ఈ వంశానికి మాత్రం రెండు కొసలున్న దారంలా తిన్నగా ఉంటుంది. మాది ఎనభై నాలుగు లక్షల అక్షరాలు. రెండోది డెబ్బై తొమ్మిది. మూడోది తొంభై దాటింది. ఒకే పగులులో పక్కపక్కన బతికినవాటికి అంత తేడా ఏమిటని నాకు రెండు రోజులు పని సాగలేదు. మూడు దారాలనూ తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే సంగతి అర్థమైంది. నడిమి భాగం మూడింటిలోనూ దాదాపు ఒకే వరసలో ఉంది. తినడానికి, పెరగడానికి, రెండుగా చీలడానికి కావలసినవన్నీ అక్కడే. కొసలకు వెళ్లేకొద్దీ ఎవరి దారి వారిది. ఒకదానికున్న ముక్క ఇంకోదానికి లేదు, ఉన్నా తిరగబడి ఉంది. మాదాని బూజు మందు తయారయ్యే చోటు కూడా ఎడమ కొసకు దగ్గర్లోనే ఉంది. అది నోట్ చేసుకున్నాను. దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

ల్యాబ్‌లో ప్లేట్లూ ట్యూబులూ చూసేది ఒక అక్క. చందానగర్‌లో ఉండేది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక దవాఖాన ల్యాబ్‌లో చేసింది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మా ల్యాబ్. వయసులో నాకన్నా పదిహేనేళ్లు పెద్దదైనా నన్ను మేడం అనేది. ఎంత చెప్పినా మానలేదు.

బాక్టీరియా చావకుండా వారం వారం పాత ప్లేటు మీంచి ఒక కాలనీని, అంటే చుక్కలా పెరిగిన ఒక గుంపును, సన్నటి తీగతో తీసి కొత్త ప్లేటు మీద గీయడం మొదట అక్క పనే. నేను చేరిన మూడో నెలలో ఆ పని నేను తీసుకున్నాను. ఆమెకు పని ఎక్కువవుతోందని అందరితో అన్నాను. నిజానికి ఆమె నెమ్మది నాకు చిరాగ్గా ఉండేది. ఒక్కొక్క ప్లేటునూ దీపం కింద తిప్పితిప్పి చూసి, చివరికి ఒక కాలనీని ఎంచుకునేది. నేను పది నిమిషాల్లో ముగించేదాన్ని.

నాలుగైదు నెలలు గడిచాక ఒక రోజు అక్క ఇంక్యుబేటర్ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది.

"మేడం, జర ఇటు రార్రి. వాసన తగ్గింది."

ఈ బాక్టీరియాకు తొలకరి వాన పడ్డ నేల వాసన ఉంటుంది. నిజానికి ఆ నేల వాసన వీటిదే. మా ఇంక్యుబేటర్ తెరిస్తే మండువేసవిలోనూ వాన పడ్డట్టు ఉండేది.

"ఏసీ ఎక్కువైందేమో అక్కా," అన్నాను కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

"ఏసీకి వాసనకు ఏం సంబంధం మేడం? ముందటి లెక్క లేదు. పిల్లలు కూడా బోడిగున్నయి, చూడుర్రి." ఆమె కాలనీలను పిల్లలు అనేది.

నేను నవ్వి, సరే చూస్తానన్నాను. చూడలేదు.

ఇంకో నాలుగు నెలలకు శంకర్‌పల్లి దారిలో ఒక నర్సరీలో మిరప నారు మీద పరీక్ష పెట్టాం. మా పొడి కలిపిన ట్రేలూ, కలపని ట్రేలూ పక్కపక్కన. రెండు వారాల తర్వాత రెండింటిలోనూ నారు ఒకేలా వాలిపోయింది. నర్సరీ ఆయన ఫోన్‌లో ఫోటోలు పంపాడు. వేరే బాక్టీరియా ఏదో కలిసిపోయి ఉంటుంది, జీనోమ్ మళ్లీ చదవమని సార్ అన్నాడు. చదివితే వచ్చిందే ఆ డెబ్బై లక్షల అంకె.

ఏదీ కలవలేదు. మా బాక్టీరియానే. నడిమి భాగంలో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. రెండు కొసలూ మాత్రం మాయమయ్యాయి. పైగా ఎడమ పక్క తెగిన చోటూ కుడి పక్క తెగిన చోటూ ఒకదానికొకటి అతుక్కుని, తిన్నని దారం కాస్తా గుండ్రంగా మారింది.

సార్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూశాడు.

"దారం గాజెలా అవుద్దమ్మా?" అన్నాడు చివరికి. "మీ సాఫ్ట్‌వేరే కొసలు కోసేసి అతికించినట్టుందండి. కొసలు చదవడం కష్టమని మీరే చెప్పారు కదా?"

చెప్పాను. అది నిజమే. అందుకే నా మీద నాకే నమ్మకం పోయింది. చదివిన ముక్కలను ఇంకో సాఫ్ట్‌వేర్‌తో అతికించాను. అదే గాజు. మళ్లీ డీఎన్‌ఏ తీసి, మళ్లీ చదివించాను. అదే గాజు. ఇదంతా పట్టిన మూడు వారాలూ నేను ఒక చోట కుదురుగా కూర్చోలేదు. ల్యాబ్‌లో ఉంటే కంప్యూటర్ దగ్గర ఏదో మరిచాననిపించేది, కంప్యూటర్ దగ్గర ఉంటే ప్లేట్లు చూడాలనిపించేది. లంచ్ బాక్సు మూత తీసి, రెండు ముద్దలు తిని, మళ్లీ మూత పెట్టేసేదాన్ని. ఇంట్లో ఆదివారం పూట చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ లేచి బాల్కనీలోకి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోతుంటే మా ఆయన టీవీ ఆపేశాడు. మా ఇద్దరిదీ నంద్యాల దగ్గరే. ఆయన ప్లాట్లు అమ్మిపెడతాడు, మనుషుల ముఖాలు చదవడం ఆయన వృత్తి.

"ఏమైంది, ఆ తిరుగుడేంది? ఒగ తావున కూర్చోబ్బా."

"లెక్క కుదరడం లేదు."

"లెక్క కుదరకపోతే మనిషి ఇట్లుండదు. ఇంకేందో ఉంది."

ఏమీ లేదన్నాను. అప్పటికి ఏమీ లేదనే నేనూ అనుకున్నాను.

కంప్యూటర్ ప్రమేయం లేకుండా క్రోమోజోమ్‌ను కంటితో చూడగలిగితే తప్ప సార్ నమ్మడని తేలిపోయింది. దానికో పాత పద్ధతి ఉంది. కణాలను జెల్లీ ముక్కల్లో పట్టి ఉంచి, క్రోమోజోమ్‌ను కొన్ని పెద్ద ముక్కలుగా కత్తిరించి, కరెంటు దిశను మాటిమాటికీ మారుస్తూ ఒక రోజంతా నడిపిస్తే ముక్కలు పొడవును బట్టి వేరువేరు గీతలుగా విడిపోతాయి. ఆ మిషన్ మా ఇంటి దగ్గరే ఉంది. మేముండేది గోపన్‌పల్లిలో. పక్కనే ఉన్న పెద్ద యూనివర్సిటీలో, రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఒక ప్రొఫెసర్ మేడం గదిలో, గుడ్డ కప్పి ఉంచిన మిషన్. మెయిల్ రాస్తే రమ్మన్నారు.

"దీన్ని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో," అంటూ ఆవిడే గుడ్డ తీసి దుమ్ము దులిపారు. "ఇప్పుడందరికీ సీక్వెన్సింగే కదా."

ఫ్రీజర్లో దాచిన పాత బాక్టీరియా ఒక వరసలో, ఇప్పటిది పక్క వరసలో పెట్టి నడిపాం. మర్నాడు పొద్దున రంగు వేసి దీపం మీద పెట్టగానే, ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని వంగారు. పాతదానికి రెండు కొసలవైన గీతలు రెండున్నాయి. కొత్తదానికి ఆ రెండూ లేవు. వాటికి బదులు, పాతదాంట్లో ఎక్కడా లేని గీత ఒకటి, అతుక్కున్న ముక్కది, కొత్తగా ఉంది. నా కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. గీతలున్న ఆ జెల్ ఫోటో ఒకటి ప్రింటు తీయించుకున్నాను.

ఆవిడకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "ఈ వంశం చేసే పనే ఇది. ప్లేటు మీద సుఖంగా పెరుగుతుంటే కొసలతో వీటికి అవసరం ఉండదు. వేలల్లో ఏవో కొన్ని పారేసుకుంటూనే ఉంటాయి. అలా పారేసుకున్నవి కొన్నిసార్లు గుండ్రంగా మారతాయి. అయితే అవి కొన్నే. మీ ప్లేటు నిండా అవే ఎందుకున్నాయి?" అని నా వైపు తిరిగి, "వారం వారం ఎలాంటి కాలనీలు తీస్తున్నారమ్మా మీరు?" అన్నారు.

నోట్‌బుక్ చూసి చెబుతానన్నాను. ఆటోలో ఆఫీసుకు వెళ్తున్నంతసేపూ ఆ జెల్ ఫోటో ఒళ్లో పెట్టుకుని, దాన్ని కాకుండా రోడ్డునే చూశాను.

ల్యాబ్ నోట్‌బుక్ తీశాను. అక్క రాతలో ఉన్న మొదటి పేజీల్లో ప్రతివారం ఒకే మాట: 'బాగా తెల్లపొడి పట్టినది తీసిన.' తర్వాత నా రాత. 'నున్నటి కాలనీ తీసుకున్నాను.' తర్వాతి వారం 'నున్నటిది.' ఆ తర్వాత అదీ రాయకుండా ఒక టిక్కు మాత్రమే. ముప్పై పేజీలకు పైగా టిక్కులు.

నాకంతా గుర్తొచ్చింది. పొడి పట్టిన కాలనీలను ముట్టుకుంటే ఆ పొడి ఎగిరి పక్క ప్లేట్ల మీద పడేది. నీళ్లలో కలవక తేలేది. నున్నటివి మాత్రం మీగడలా తీగకు అంటుకుని వచ్చేవి. పని త్వరగా అయిపోయేది. అవే శుభ్రమైనవని కూడా అనుకున్నాను. వేలల్లో కొన్నిగా పుట్టే బోడివాటిని వెతికి మరీ ఎంచి, వారం వారం వాటికే కొత్త ప్లేటు ఇచ్చాను. మిరప నారును కాపాడే మందు తయారయ్యే చోటూ, ఆ తెల్లపొడి పట్టించే చోటూ రెండూ కొసల్లోనే ఉండేవి. వాటిని బాక్టీరియా పారేసుకుంది. పారేసుకున్నవాటినే నేను పెంచాను.

సార్ జెల్ ఫోటోను కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత ఆయన మెదడు ఇంకో దారి పట్టింది.

"అయితే ఇది మనది కాదన్నమాట. ఆ మూడింట్లో రెండోది చిన్నదే కదా? ట్యూబులు మారిపోయుంటాయి." ల్యాబ్ వైపు తిరిగాడు. "లేబుళ్లు రాసేది ఆవిడే కదండీ?"

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. రెండోది డెబ్బై తొమ్మిది, ఇది డెబ్బై. రెండోదాని నడిమి భాగంలో మాదానితో పోలిస్తే వేల చోట్ల తేడాలున్నాయి, దీనికి ఒక్కటీ లేదు. ట్యూబులు మారలేదని తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. నేను "చూడాలి సార్" అన్నాను.

ఆయన అక్కను పిలిచాడు. ఆమె చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చింది.

"అమ్మా, ట్యూబులేమన్నా అటూ ఇటూ అయ్యాయా? పొరపాటు ఎవరికైనా జరుగుద్ది, చెప్పండి."

"నేను మార్చలే సార్. ఇరవై ఏండ్లు దవాఖానల చేసిన. ఒక్కరి రక్తం ఇంకొకరికి రాయలే ఎన్నడు." ఆమె గొంతు లేవలేదు. నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.

ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ ముక్కలుగానే గుర్తున్నాయి. అక్క అన్ని ట్యూబులూ బయట పెట్టి ఒక్కొక్క లేబుల్‌నూ రిజిస్టర్‌తో సరిచూసుకుంటోంది. మధ్యాహ్నం తినడానికి రాలేదు. నేను లిఫ్టులో కిందికి దిగి, రోడ్డు దాటి, మెట్రో స్టేషన్ మెట్ల వరకు పోయి, ఏ పనీ లేక వెనక్కి వచ్చాను. మళ్లీ అలాగే పోయాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఎవరి తప్పు వాళ్ల పేరుతో సహా సిస్టమ్‌లో పడేది. దాచడానికి వీలుండేది కాదు. ఇక్కడ ఒక నోట్‌బుక్కు, అందులో టిక్కులు. వాటి అర్థం నాకొక్కదానికే తెలుసు. నేను ఊరుకుంటే ఇది ట్యూబుల గొడవగానే మిగిలిపోతుంది. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ లేచి నడిచేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, లేబుళ్లన్నీ మంచిగనే ఉన్నయి. అయినా సార్‌కు నా మీదనే అనుమానం. మీరు కంప్యూటర్ల చూసి చెప్పలేరా, అది మనదో కాదో?"

"చెప్పగలను అక్కా."

"మరి చెప్పుర్రి."

నోట్‌బుక్ తీసుకుని ఆమెతో పాటే సార్ గదిలోకి వెళ్లాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని. ట్యూబులు మారలేదని, ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసని, తొమ్మిది నెలలుగా బోడివాటిని తీసింది నేనేనని, అక్క ముందే హెచ్చరించినా పట్టించుకోలేదని. టిక్కులున్న పేజీలు తిప్పి చూపించాను.

సార్ అరవలేదు. పేజీలన్నీ తానే మళ్లీ ఒకసారి తిప్పాడు.

"బోడివి తీయడం తెలియక చేసింది," అన్నాడు. "తెలియని పని ఇక్కడ నేనూ రోజూ చేస్తాను. మొన్న నేను ఈవిడను అడుగుతున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు చూడండి, అది మాత్రం..." అని ఆపేశాడు. తర్వాత అక్కకు రెండు చేతులూ జోడించి, "నన్ను క్షమించండమ్మా" అన్నాడు.

బయటికి వచ్చాక నేనూ అదే మాట అన్నాను. అక్క సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"రెండు దినాలు మేడం," అంది. "ఇంట్ల కూడ చెప్పుకోలే. ఇగ ఈ వయసుల దొంగ లెక్క నిలబడితినేమో అని పరేషాన్ అయిన." నీళ్ల కుళాయి కట్టేసింది. "ఇప్పుడైతే చెప్పిన్రు కదా. పోనీర్రి." పోనీయమన్నదే కానీ, తర్వాత నెల రోజుల పాటు పనికి సంబంధించిన మాట తప్ప నాతో మాట్లాడలేదు. నేను బలవంతం చేయలేదు.

ఫ్రీజర్లో మొదటి నెలలో దాచిన సీసాలు రెండే ఉండేవి. ఒకదాన్ని యూనివర్సిటీ జెల్ కోసం వాడేశాం. రెండోదాన్ని అక్క తీసి గీసింది. వారం రోజులు ప్లేటు ఖాళీగానే ఉంది. పూటపూటకూ ఇంక్యుబేటర్ తలుపు తీస్తున్నానని అక్క దాని మీద కాగితం అంటించింది: 'రోజుకు ఒక్కసారే తెరవవలెను.' తొమ్మిదో రోజు నాలుగు కాలనీలు వచ్చాయి. సున్నం చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. నాలుగింటినీ చదివాను. మూడు ఎనభై నాలుగు లక్షలు, తిన్నని దారాలు. నాలుగోదానికి అప్పటికే కుడి కొసలో కొంత లేదు. దాన్ని పారేయకుండా విడిగా దాచాం.

ఆ పంట కాలానికి మా మందు సిద్ధం కాదని నర్సరీ ఆయనకు సార్ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాడు. వారం వారం ప్లేటు మీంచి ప్లేటుకు మార్చే పద్ధతి మానేశాం. పొడి పట్టిన కాలనీల నుంచి ఒకేసారి వందల సీసాలు నింపి ఫ్రీజర్లో పెట్టి, ప్రతిసారీ కొత్త సీసాతో మొదలుపెడుతున్నాం. కాలనీలు ఎంచే పని మళ్లీ అక్కదైంది. ఆరు నెలలు నేను కంప్యూటర్ పనే చేశాను. సార్ పెట్టిన శిక్ష కాదది, నేనే అడిగాను. ఆరు నెలల తర్వాత ఒక రోజు అక్కే తన పక్కన ఇంకో స్టూలు వేసి, "కూసోర్రి, ఎట్ల చూడాల్నో చూపిస్త" అంది. ప్లేటును దీపానికి అడ్డంగా వంచితే పొడి అంచు నీడలా కనబడుతుంది. పైనుంచి చూస్తే కనబడదు. అందుకే ఆమెకు అంతసేపు పట్టేదని అప్పుడు తెలిసింది.

మరుసటి కాలంలో నర్సరీలో మళ్లీ ట్రేలు పెట్టాం. మూడో వారం అక్కా నేనూ కలిసి చూడటానికి వెళ్లాం. మా పొడి కలపని ట్రేల్లో నారు వాలిపోయింది. కలిపినవాటిలో పచ్చగా నిలబడి ఉంది. నర్సరీ ఆయన ఒక మొక్కను పీకి వేళ్లు చూపించాడు. తెల్లగా, గుబురుగా ఉన్నాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. ఆయన ఆనందంగా అదే ట్రేలో మూలన ఉన్న ఇంకో మొక్కను పీకాడు. దాని వేళ్లు గోధుమరంగులో, మెత్తగా చేతికే ఊడివచ్చాయి.

"ఇదేంది మేడం? ఇదొక్కటి గిట్లెందుకైంది?" అన్నాడాయన.

తెలియదన్నాను. కవరుందా అని అడిగాను. ఆయన ఒక పాలకవరు తెచ్చి ఇస్తే ఆ మొక్కను దాని మట్టితో సహా అందులో వేశాను. తిరుగు దారిలో కారు చందానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. అక్క ఇల్లు అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది, దిగిపొమ్మన్నాను.

"వద్దు మేడం," అంది కవరును ఒళ్లో సర్దుకుంటూ. "ఇయ్యాలనే ప్లేటు మీద గీసేద్దాం. రేపటికి ఎండిపోతది."